ఆకునూగు పరుపు

పరుపుల మేస్త్రీ ఇంట్లో తిట్లు ఆగిపోయాయి. ఆయనకు అదే పెద్ద బెంగ అయి కూర్చుంది.

తిట్లంటే నిజం తిట్లు కావు. ఆయన భార్య ఏ మాటన్నా చిన్న చురక తగిలించి గానీ వదిలేది కాదు. "పరుపు కుట్టమంటే పర్వతం కుట్టారేంటండీ? పాపం కొనుక్కున్నాయన నిచ్చెన కూడా కొనుక్కోవాలి" అనేది. "ఈ అంచు మీరే కుట్టారా, లేక కోడి నడిచి వెళ్ళిందా?" అనేది. పెళ్ళయిన నాటి నుంచీ ఇద్దరూ ఒకే గదిలో పనిచేశారు. ఆయన దూది ఏకి నింపేవాడు. ఆవిడ గలీబులు కుట్టి, అంచులు బిగించేది. ఏకుడు యంత్రం రొద మీద మాట వినబడాలి కాబట్టి ఆవిడ గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉండేది. యంత్రం ఆపాక కూడా అది దిగేది కాదు. వీధి చివర నడిచేవాళ్ళకు సైతం ఆ రోజు మేస్త్రీ ఏం తప్పు చేశాడో తెలిసిపోయేది.

పోయిన చలికాలంలో ఆవిడకు దగ్గు పట్టుకుంది. కషాయాలకు లొంగలేదు, మాత్రలకు లొంగలేదు. చివరికి డాక్టరమ్మ ఛాతీ ఫొటో తీయించి చూసి, "దూది నుసి ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఇక ఈవిడ ఆ నుసికి దూరంగా ఉండాలి" అంది.

మేస్త్రీ ఆ సాయంత్రమే పనిగదిలోంచి భార్య కుర్చీ తీసేశాడు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశాడు. పనిగదికీ పెరటికీ మధ్యనున్న కిటికీ మూసి, మళ్ళీ తెరవకుండా మేకులు కొట్టేశాడు.

"నువ్వు పెరట్లో హాయిగా కూర్చో. మహారాణిలా! పూచికపుల్ల కూడా ముట్టుకోవద్దు. ఆ కిటికీ ఛాయలకు కూడా పోవద్దు" అన్నాడు.

"మహారాణులు ఏం చేస్తారో ఎవర్నైనా అడిగి చెప్పండి. నాకు తెలీదు" అంది ఆవిడ. చమత్కారమంటే అదే ఆఖరు. ఆ తర్వాత దగ్గు తగ్గుతూ వచ్చింది, దాంతోపాటు మాటా తగ్గుతూ వచ్చింది. అన్నం పెట్టేది, అడిగితే చెప్పేది, అంతే. అంచు వంకరగా పోయిందని ఆయనే కావాలని చూపించినా, "బాగానే ఉందిలెండి" అనేది.

ఆ "బాగానే ఉందిలెండి" వింటే మేస్త్రీకి ఒళ్ళు చల్లబడేది. రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, ఆమె ఊపిరి చల్లగా ఉండాలని అడిగేవాడు. అడిగినట్టే దేవుడు ఊపిరి ఇచ్చాడు. మరి నోరెందుకు తీసేసుకున్నట్టు?

ఆయన చేతనైంది ఒకటే, ఇంకాస్త జాగ్రత్త. దూది పనివాళ్ళకు నుసి అంటే మామూలుగానే భయం. ఏ సందులో పేరుకున్నా ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని సెలవురోజు వస్తే మేస్త్రీ, ఆయన బావమరిది కలిసి గదంతా దులిపేవాళ్ళు. దబ్బనం మొన వంచి కొక్కెంలా చేసి, దాంతో ప్రతి బెజ్జంలో, ప్రతి పగుల్లో ఇరుక్కున్న దూది పోచలు లాగేవాళ్ళు. భార్యకు జబ్బు చేశాక మేస్త్రీ గది లోపలితో ఆగలేదు. గోడ బయటివైపు కూడా మొదలుపెట్టాడు.

"బావా, ఇలాగే పోతే రేపు చెట్ల తొర్రలు కూడా తోముతావు" అన్నాడు బావమరిది.

"నీకేం తెలుసు? మీ అక్క కూర్చునేది ఇక్కడేగా."

ఆ రోజు ఎండ బాగా కాస్తోంది. మేకులు కొట్టిన కిటికీ చట్రానికి బయటివైపు, పాత గడియ ఊడిపోయిన చోట వేలు పట్టేంత బెజ్జం మిగిలింది. మేస్త్రీ దబ్బనం పెట్టి చూస్తే మెత్తగా తగిలింది. కొక్కెం తిప్పి లాగాడు. తెల్లటి పోచ వచ్చింది. ఇంకా లాగితే ఇంకా వచ్చింది. చివరికి వేలెడు పొడుగు చుట్ట మొత్తం ఊడి చేతిలో పడింది.

"చూశావురా! మేకులు కొట్టినా ఇంత నుసి బయటికొచ్చింది. ఇదంతా దాని ఛాతీలోకే పోయేది" అని గర్వంగా బుట్టలో పడేశాడు.

పెరట్లో, మెత్తటి నూగు ఆకుల మొక్కల దగ్గర కూర్చున్న ఆయన భార్య లేచి నిలబడింది. ఏదో అనబోయినట్టు చెయ్యెత్తింది. మళ్ళీ దించేసింది.

అప్పుడే ఒక ఈగ వచ్చింది. తేనెటీగలా ఉంది గానీ కాస్త బొద్దుగా, నల్లటి పొట్టకు రెండు పక్కలా పచ్చటి మచ్చలతో ఉంది. తనంత తెల్లటి ఉండ ఒకటి పొట్ట కింద పట్టుకుని తిన్నగా ఆ బెజ్జంలోకి దూరింది. వెంటనే వెనక్కి వచ్చింది. గాల్లో కాసేపు నిలబడి చూసి, మళ్ళీ దూరింది. మళ్ళీ వచ్చింది. ఇల్లు ఇదేనా అని గుమ్మం బయట నిలబడి తేరిపార చూసే మనిషిలా అటూ ఇటూ తిరిగింది. మూడోసారి బయటికి వచ్చినప్పుడు ఆ ఉండ జారి మేస్త్రీ మోచేతి మీద పడింది.

ఆయన దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. ఊహ తెలిసినప్పటి నుంచి దూదితో బతికిన వేళ్ళవి. చీకట్లో పట్టుకున్నా కొత్త దూదేదో పాతదేదో చెప్పేస్తాయి. ఆ వేళ్ళు ఇప్పుడు, ఇది దూది కాదన్నాయి. పోగు పొట్టిగా ఉంది. నలిపితే స్ప్రింగులా లేస్తోంది. కాస్త తడి తడిగా, పచ్చి ఆకు వాసన వేస్తోంది. ఒక్క గింజ నలుసు లేదు, ఒక్క ముడి లేదు. ఆయన యంత్రం కూడా అంత శుభ్రంగా ఏకదు.

గబగబా బుట్టలోంచి ఆ చుట్టను తీసి విప్పి చూశాడు. లోపల గదులున్నాయి. ఒక్కో గది చుట్టూ ఆ నూగే పరుపులా పరిచి ఉంది. గదిలో పచ్చటి పుప్పొడి ముద్ద, దాని మీద నూకగింజంత తెల్లటి పురుగుపిల్ల. ఒక గదిలో ముద్ద చితికిపోయి ఆయన గోటికి అంటుకుంది.

"అయ్యో! దూదనుకున్నానే" అన్నాడు మేస్త్రీ. భార్య దగ్గరకు వచ్చి చూస్తోంది. "ఇది నీకు ముందే తెలుసా?"

తెలుసన్నట్టు తలూపింది.

"మరి చెప్పొద్దూ!"

"చెప్తే ఏమనేవారు? కిటికీ దగ్గరికెందుకు వెళ్ళావనేవారు" అంది నెమ్మదిగా. "అది చెత్త కాదండీ. అది పనిచేసుకునే చోటు."

అంత మాత్రమే అని లోపలికి వెళ్ళిపోయింది. "కళ్ళు నెత్తికెక్కాయా" అన్నా ఆయనకు ఊరటగా ఉండేది.

బావా బావమరుదులిద్దరూ మిగిలిన గదులను జాగ్రత్తగా మళ్ళీ చుట్టారు. పుల్లతో మెల్లగా నెడుతూ బెజ్జంలో సర్దారు. మేస్త్రీ ఎన్నో పరుపులు సర్దాడు గానీ ఇంత చెమట ఎప్పుడూ పట్టలేదు.

"వంకరగా పెట్టావేమో బావా. పిల్లలకి మెడ పట్టేస్తుంది."

"నోర్ముయ్యరా."

"ఊరికే అన్నాను. ఏకు మేకై కూర్చుందని వినడమే గానీ, మేకులు కొట్టిన కిటికీలో ఏకు కూర్చోవడం ఇప్పుడే చూడటం."

మేస్త్రీ నవ్వలేదు. ఈగ ఆ బెజ్జం వైపు మళ్ళీ రాలేదు.

మర్నాడు పని మొదలెట్టకముందే ఆయన తన దగ్గరున్న వాటిల్లోకెల్లా మేలు రకం దూది తీశాడు. రెండుసార్లు ఏకి, పొగలా తేలిపోయేట్టు చేసి, చిన్న చిన్న ఉండలు కట్టి నూగాకుల మధ్య పెట్టాడు. పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. ఈగ వచ్చింది. దూది ఉండ పక్కనే వాలింది. దాన్ని తొక్కుకుంటూ పోయి ఆకు ఎక్కింది. పళ్ళతో ఆకు మీది నూగును పైనుంచి కిందికి గీరుతూ, గీరినదాన్ని పొట్ట కిందికి తోసుకుంటూ, ఉండ చుట్టుకుంటూ దిగింది. మంగలి కత్తి పడ్డట్టు ఆకు మీద నున్నటి దారి మిగిలింది.

"నా దూదికి ఏం తక్కువైందిట?" అన్నాడు మేస్త్రీ చిన్నబుచ్చుకుని.

వెనక ఎప్పుడు వచ్చి నిలబడిందో భార్య, "దానికి సరుకు కాదు కావాల్సింది. తను ఏకిందే కావాలి" అంది.

ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే మాట ఆగిపోతుందేమోనని భయం. ఈగను చూస్తూనే, "మరి ఆ లావుపాటిది ఎవరు? పూల చుట్టూ తెగ తిరుగుతోంది" అని అడిగాడు.

"దాని మొగుడు. ఆడవాటికంటే మగాడే పెద్ద, వీటిల్లో. చూడండి, చూడండి!"

ఊదారంగు పూలమీద వాలబోయిన తేనెటీగ ఒకదాన్ని ఆ లావుపాటి ఈగ రివ్వున వచ్చి గుద్దింది. తేనెటీగ గిరికీలు కొట్టి పారిపోయింది.

"అదే వాడి పని, పొద్దస్తమానం. ఏకడు, కట్టడు. వచ్చినవాళ్ళనల్లా గుద్ది పంపిస్తాడు" అంది ఆవిడ.

"పాపం, పెళ్ళాం కోసం కాపలా కాస్తున్నాడే. అదీ ఒక పనేగా" అని వెనకేసుకొచ్చాడు మేస్త్రీ.

"కాస్తున్నాడు. నేను కాదనలేదు." ఆవిడ చెంబు కోసం వంగింది. "కానీ దాన్ని పని మానేసి కూర్చోమనలేదు."

చెప్పి, చెంబు తీసుకుని మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళింది.

మేస్త్రీ గట్టు మీద అలాగే ఉండిపోయాడు. లోపల బావమరిది యంత్రం వేశాడు, ఆపాడు, "బావా" అని పిలిచాడు. చివరికి మేస్త్రీ లేచి చొక్కా తొడుక్కుని తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరమ్మ ఆయన్ను చూడగానే, "మళ్ళీ దగ్గు వచ్చిందా?" అంది కంగారుగా.

"లేదమ్మా. ఒక మాట అడుగుదామని. మా ఆవిడ కుట్టుకోవచ్చా?"

"ఏమిటి కుట్టుకునేది?"

"గలీబులు. గుడ్డ పనేనమ్మా, దూది ఉండదు."

"కుట్టుకోక? నేను నుసికి దూరంగా ఉండమన్నాను. పనికి దూరంగా ఉండమని ఎవరన్నారు?"

మేస్త్రీ 'నేనే అన్నానమ్మా' అని మనసులోనే అనుకున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ ఆవిడ ఏం చేస్తోంది?"

"కూర్చుంటోందమ్మా."

"బాగున్నవాళ్ళను అలా కూర్చోబెట్టినా జబ్బు చేస్తుంది. గాలి ఆడేచోట, మీ యంత్రం లేనిచోట కుట్టుకోమనండి. దులిపిన గుడ్డే ఇవ్వండి. ముక్కుకు గుడ్డ కట్టుకోమనండి. వెళ్ళండిక."

తిరిగి వస్తూ ఆయన దారిలో దేవుణ్ణి తగువులోకి లాగాడు. 'స్వామీ, దాన్ని కాపాడమని నిన్నడిగాను. మళ్ళీ నీ మీద నమ్మకం లేనట్టు నేనే మేకులు పట్టుకుని బయల్దేరాను. భయం ఇచ్చింది నువ్వే. ఎక్కడ ఆపాలో కూడా కాస్త చెప్పి ఇవ్వకూడదా? రెక్కలున్న పురుక్కి చెప్పావు, నాకు చెప్పలేదు.' కాసేపు నడిచాక ఆయనకే తోచింది. చెప్పలేదని ఎలా అనడం? తన కిటికీ బెజ్జంలోనే ఆ ఈగను పెట్టి చెప్పాడు కదా. ఇంతకంటే దేవుడు మాత్రం ఏం చేస్తాడు?

ఇంటికి రాగానే బావమరిదిని కేకేశాడు. ఇద్దరూ కలిసి కుట్టుమిషను మీది దుప్పటి తీసి, ఇనుప భాగాలన్నీ తుడిచి, నూనె వేశారు. దాన్ని ఎత్తుకుని ఇంటి చుట్టూ తిరిగి, పెరటి వసారాలో, గాలి అటునుంచి ఇటు వీచేచోట దింపారు. పక్కనే దులిపిన గుడ్డ తాను, కొలతల టేపు, కత్తెర పెట్టాడు మేస్త్రీ. పెట్టి, తప్పు చేసిన బడిపిల్లాడిలా పక్కన నిలబడ్డాడు.

ఆవిడ వచ్చి మిషన్ను చూసింది. ఆయన్ను చూసింది.

"డాక్టరమ్మని అడిగొచ్చాను" అన్నాడు. "కుట్టుకోవచ్చట. తను వద్దనలేదట. నేనే... కాస్త ఎక్కువ విన్నాను."

"ఎక్కువ విన్నారా?"

"ఊఁ."

"చలికాలం పోయి ఎండాకాలం వచ్చిందండీ!" అంది. అనడంలో గొంతు మెట్టు ఎక్కింది. "ఇన్నాళ్ళూ నన్ను ఊరగాయ జాడీలా మూలన పెట్టి మూత బిగించారు! ఒక్కసారి వెళ్ళి అడగడానికి కాళ్ళు రాలేదా? పెళ్ళానికి జబ్బు చేస్తే పెళ్ళాన్ని కాపాడతారు ఎవరైనా, మీరు జబ్బుని కాపాడారు! ఒరేయ్ తమ్ముడూ, నువ్వేం నవ్వుతున్నావు? నీకు బుద్ధి లేదా, మీ బావకి చెప్పడానికి?"

"నాకెందుకక్కా మధ్యలో..."

"ఇంతకాలం అంచులెవరు కుట్టారు? తీసుకురండి, చూస్తాను!"

మేస్త్రీ అంచు కుట్టిన గలీబు ఒకటి బావమరిది తెచ్చి ముందు పెట్టాడు. ఆవిడ ముక్కుకు గుడ్డ కట్టుకుని అంచు వెలుతురులో పట్టి చూసి, "ఇది కుట్టా, గోడమీద బల్లి పరుగా?" అంది. కత్తెర తీసుకుని, మొదటి నుంచి చివరిదాకా బరబరా విప్పేసింది. తన పని అలా పోగులు పోగులుగా ఊడి నేలమీద పడుతుంటే మేస్త్రీ ఆనందం పట్టలేక తల వంచుకున్నాడు.

పక్కింటావిడ గోడ మీదుగా తల పెట్టి, "ఏం చేశారేమిటి మేస్త్రీగారు?" అని అడిగి వెళ్ళింది.

తర్వాతి సెలవురోజు, దులపడం గది లోపల అయిపోయాక, మేస్త్రీ పెరటివైపు గోడ దగ్గరకు వచ్చి ఆగిపోయాడు. ఆకుల మీద నున్నటి దారులు రోజురోజుకీ పెరుగుతున్నాయి. అంటే ఈగ ఎక్కడో కొత్త ఇల్లు కడుతోంది. ఎక్కడో భార్యకు తెలుసు.

"ఎక్కడుందో చెప్పవే" అన్నాడు.

"మీకా? ఇంకెవరికైనా చెప్తాను గానీ" అంది ఆవిడ మిషను ఆపకుండా.

"చెప్పకపోతే ఎలా దులిపేది?"

"అడిగి దులపండి."

"ఈ ఇటుకల మధ్య ఉందా?"

"లేదు."

"ఈ పైపులో?"

"అందులో నీళ్ళు పోతాయి కదండీ, దానికి మీపాటి తెలివి లేదనుకున్నారా?"

"మరి ఈ తలుపు బెజ్జంలో?"

"ఏమో."

"ఏమో అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"వంటింట్లోంచి మంచినీళ్ళు తెచ్చిపెడితే చెప్తాను."

మేస్త్రీ నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ తాగి, గ్లాసు చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. ఆయన గోడ వెంబడి నడుస్తూ ప్రతి పగులు దగ్గరా ఆగి అడుగుతూ పోయాడు. ఈగ దూరడానికి వీల్లేదని తనకు ఖాయంగా తెలిసిన పగుళ్ళ దగ్గర కూడా ఆగి అడిగాడు.