తోమిన గ్లాసు

స్టీలు గ్లాసు ఉన్న సంచిని గుండెలకు అదుముకుని పిన్ని పనిచేసే ల్యాబు మెట్లెక్కాను. అక్కడ ఆసుపత్రిలో చెల్లి కళ్ళు తెరవడం లేదు.

నాన్న తోటలకు పురుగుమందు కొడతాడు. పొద్దున షెడ్డులో రెండు రకాల డబ్బాలు తెరిచి, అందులో ఒకదాన్ని ఈ గ్లాసుతో కొలిచాడు. ఏదన్నది కంగారులో ఆయనకు గుర్తు రావడం లేదు. చెల్లి అదే గ్లాసుతో నీళ్ళు తాగింది. ఒక మందుకిచ్చే విరుగుడు రెండోదానికి ఇస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు. గ్లాసు చూద్దామంటే, అమ్మ అప్పటికే దాన్ని తళతళా తోమేసింది.

"తోమేసిందా! మా అక్క చేతికి ఎంగిలి గ్లాసు దొరికితే ఊరుకుంటుందా!" అంది పిన్ని. నవ్వబోయి ఆగిపోయింది.

"ఇంకేం మిగలదు కదా పిన్నీ?"

"కంటికి కనబడదంతే. లోహానికి పల్చటి పొర అంటుకునే ఉంటుంది. ముక్క కోసి, మిషనులో గాలంతా తోడేసిన చిన్న అరలో పెట్టి వేడిచేస్తే ఆ అణువులు ఊడి వస్తాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ వాటిని తూచి, అవి ఏ మందువో చెబుతుంది."

నాన్న ఎప్పుడూ పిన్నిని "వాసనల డాక్టరమ్మా" అని ఏడిపిస్తాడు. ఇవాళ ఫోన్లో "తల్లీ, నీ మిషన్నే నమ్ముకున్నాను" అని ఏడ్చాడు.

ముక్క కోయాలని పిన్ని ఫోన్లో ముందే చెప్పడంతో, షెడ్డులోంచి రేకు కత్తెర కూడా సంచిలో వేసుకొచ్చాను. రెండు డబ్బాల మందూ వేరువేరు సీసాల్లో తెచ్చాను. పిన్ని మొదట ఆ సీసాల్లోని చుక్కలు మిషనుకు చూపించి, తరవాత ఆ కత్తెరతోనే గ్లాసు అంచు కోసి లోపల పెట్టింది. పంపు గుర్రుమంది. వేడి పెరిగేకొద్దీ తెర మీద గీత పాకింది. ఉన్నట్టుండి, ఒకటో సీసా గీత లేచిన చోటే నిటారుగా లేచింది.

"ఒకటో డబ్బా!" అని అరిచాను. "చెప్పేయ్ పిన్నీ, డాక్టరుకి చెప్పేయ్!"

పిన్ని ఫోను అందుకుని మళ్ళీ కింద పెట్టేసింది. "వట్టి రేకు పెట్టి చూడకుండా నేనేదీ చెప్పను."

"అక్కడ చెల్లి..."

"దానికోసమే. తోమిన గ్లాసుకి గీత ఇంత ఎత్తా? నాకు భయంగా ఉందే."

పిన్ని ల్యాబులోని శుభ్రమైన రేకుని అదే కత్తెరతో కోసి పెట్టింది. గ్లాసు వాసన కూడా తగలని రేకు అది. గీత మళ్ళీ అంతే ఎత్తు లేచింది.

పిన్ని నావైపు తిరిగింది. "ఈ కత్తెరతో మీ నాన్న ఏం చేస్తాడు?"

"మూత రాకపోతే... డబ్బాలు చీలుస్తాడు." ఒకటో డబ్బా మూత బిగుసుకునే ఉంది, పక్కన చీలిక ఉంది. అది ఇప్పుడు నా కళ్ళ ముందుకొచ్చింది. ఆ మందు అంటిన కత్తెర తెచ్చింది నేనే. ఒకటో డబ్బా అని డాక్టరుకి చెప్పేసి ఉంటే?

పిన్ని తిట్టలేదు. ల్యాబు కత్తెర తీసి, గ్లాసుకి అవతలి వైపు ముక్క కోసింది. మళ్ళీ పంపు. మళ్ళీ వేడి. డాక్టరు దగ్గర్నుంచి ఫోను మోగుతూనే ఉంది. "ఒక్క నిమిషం సార్, దండం పెడతా, ఒక్క నిమిషం" అంటోంది పిన్ని. నేను గోడకి ఆనుకుని గోళ్ళు కొరుకుతున్నాను.

ఇంతకుముందు గీత లేచిన చోట ఇప్పుడేమీ లేదు. కాస్త అవతల చిన్న గీతలు, గడ్డి మొలకల్లా లేచాయి. పిన్ని వాటిని రెండో సీసా గీతల పక్కన పెట్టి చూసింది. ఒక్కటీ తప్పలేదు.

"రెండోది సార్. రెండో డబ్బా. ఖాయం."

ఆ తరవాత చేయడానికి ఏమీ లేదు. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

చాలాసేపటికి అమ్మ ఫోన్ చేసింది. "కళ్ళు తెరిచిందే! సూది పొడిచినాయన్ని నోటికొచ్చినట్టు తిడుతోంది, పరువు తీసేస్తోంది!"

"తిట్టనీ అక్కా, ఇంకా తిట్టనీ" అంది పిన్ని.

నేను నేల మీద కూలబడి, అప్పుడు ఏడ్చాను.