రెండో గొట్టం

పొద్దున్నే ఆఫీసుకి భోజనం డబ్బాలు సర్దుతుంటే మా ఆయన అన్నాడు, "గొట్టాల్లో నీళ్ళు పారతాయో లేదో చూడ్డానికి ఇంత హడావిడా? ముందా మూత సరిగ్గా పెట్టు."

అవి వ్యోమనౌకని చల్లబరిచే గొట్టాలు. యంత్రాల వేడిని మోసుకెళ్ళే ద్రవం వాటిలో ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా చేస్తున్నాను. అత్తగారు మాత్రం చుట్టాలతో, "మా కోడలు కంప్యూటర్ ముందు కూచుంటుంది" అంటారు.

ఆ వారం నా లెక్కలో ఒకటి తేలింది. యంత్రాలు సగం జోరులో ఉన్నప్పుడు, పక్కపక్కనున్న రెండు గొట్టాల్లో ప్రవాహం ఊగిసలాడుతోంది. మొదటిదాంట్లో పెరిగినప్పుడల్లా రెండోదాంట్లో తగ్గి, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతోంది. ఐదుసార్లు మార్చి మార్చి చూశాను. ఐదుసార్లూ అదే. భయమేసింది, దాని వెనకే సంతోషమూ వేసింది. ఎవరికైనా చెప్పాలని తల తిప్పితే, ఎవరి గోలలో వాళ్ళున్నారు.

పెద్దసారు గ్రాఫు చూసి విసుక్కున్నారు. "ఎల్లుండి సమీక్ష పెట్టుకుని ఇప్పుడిదేంటమ్మా? ఆ పేజీ తీసేసి, నిలకడగా ఉందని సంతకం పెట్టెయ్. అన్నట్టు, మీటింగుకి టీల సంగతి కూడా నువ్వే చూడు."

టీలు చెప్పాను. పేజీ తియ్యలేదు. "నిలకడగా లేదు" అని రాసి, కింద సంతకం పెట్టాను. సమీక్ష వాయిదా పడింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం నా పక్కన కూచుని తినేవాళ్ళు లేరు. నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి.

మూడు వారాలకి అసలు గొట్టాలు బిగించి పరీక్షించారు. రెండోదాంట్లో ప్రవాహం ఆగిపోయింది. పెద్దసారు అందరితో, "మనవాళ్ళు ముందే పసిగట్టారు" అన్నారు. నా వైపు చూడలేదు.

మెట్ల దగ్గరికి వెళ్ళి మా ఆయనకి ఫోన్ చేశాను.

"నేను చెప్పిందే నిజమైంది."

"అయితే అయింది గానీ, పెద్దాయనతో పేచీ ఎందుకు నీకు? ఇంట్లో ఎంత చక్కగా సర్దుకుపోతావు! జ్వరమొచ్చినా వంట చేశావు, అమ్మ కోసం నీ గది ఇచ్చేశావు, పై చదువు మానుకున్నావు. అన్నీ చూస్తూనే ఉన్నాగా. అక్కడా అలాగే ఉండొచ్చుగా?"

మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. ఫోన్ పెట్టేశాను.

అతను చూడలేదనుకునే ఇన్నాళ్ళూ క్షమించాను.