పొర చిరిగిన చోటు

"రేపటికి ఒక కేక్ చేసిపెట్టు మెరెటె. పైన చక్కెర పాకం పోస్తావే, అది," అన్నాడు మా ఆయన తోర్కిల్ బూట్లు విప్పుతూ.

అప్పుడే నేనూ ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. మా చీజ్ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. పనిలో తప్పు చేసినవాళ్లు మర్నాడు పొద్దుటి కాఫీ వేళకి కేక్ తెచ్చి అందరికీ పెట్టాలి. నవ్వుతారు, తింటారు, తప్పు మాఫీ అయిపోతుంది. ఇరవై రెండేళ్లలో తోర్కిల్ తొమ్మిది కేకులు పట్టుకెళ్లాడు. తొమ్మిదీ నేను చేసినవే. ఒక్కదానికైనా గుడ్డు పగలగొట్టి ఇచ్చిన పాపాన పోలేదు. "తోర్కిల్ కేకు తినాలనుంది, ఏదైనా పాడుచెయ్యరా బాబూ!" అని వాళ్లంటే ఈ మహానుభావుడు ముసిముసిగా నవ్వుకుంటాడు. అందుకని నేనేమీ ఆశ్చర్యపోలేదు. బట్టలు పక్కన పెట్టి పిండి డబ్బా దించాను.

"ఈసారి నువ్వే తీసుకెళ్లి పెట్టు. నీ పేరు మీద," అన్నాడు.

డబ్బా చేతిలోనే ఉండిపోయింది.

ఆ రోజు జరిగింది చెప్పాలంటే ముందు ఆ వాల్వ్ సంగతి చెప్పాలి. చీజుకి తోడు పెంచే ట్యాంకుని ప్రతిసారీ ఆవిరితో శుద్ధి చేస్తాం. బాయిలర్ నుంచి ఆవిరి ఏడు బార్ల ఒత్తిడితో వస్తుంది. ట్యాంకు రెండుకి మించి ఓర్చుకోదు. మధ్యలో ఆ ఒత్తిడిని తగ్గించే వాల్వ్ ఒకటి ఉంది. తినే వస్తువుకి తగిలే ఆవిరి కాబట్టి బుధవారం బుధవారం దాన్ని ఊడదీసి, ఏ భాగానికాభాగం మెత్తటి బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించాలి. లోపల ఒత్తిడికి వంగే అరచేతంత పొర ఒకటి, రబ్బరు రింగులు, మూత ఆనే చోట అద్దంలా మెరవాల్సిన స్టీలు పీట. పీట మీద గోరంత గీత పడితే చాలు, సూక్ష్మజీవులు అక్కడే కాపురం పెట్టేస్తాయి. ఏ రింగు గట్టిపడిందో, ఏది ఇంకో నెల వస్తుందో నా వేళ్లకి తెలుసు. కానీ ఇదంతా సింకు దగ్గర చేసే పని కదా, గిన్నెలు తోమడం కింద జమ. కాబట్టి నాకొచ్చింది. కాగితాల్లో నేను శుభ్రత సహాయకురాలిని. నేను బిగించి పెట్టాక తోర్కిల్ వచ్చి పైనున్న స్క్రూ నాలుగు తిప్పులు తిప్పి గేజీ వంక చూస్తాడు. అతను టెక్నీషియన్. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఆ స్క్రూ తిప్పడానికీ ఒక పద్ధతుంది. బిగించేకొద్దీ ఒత్తిడి ఎక్కువ వదులుతుంది కాబట్టి మొదట పూర్తిగా వదులుగా ఉండాలి. ఆవిరిని కొంచెం కొంచెంగా వదిలి, పైపు వేడెక్కి లోపలి నీళ్లన్నీ పోయాక, గేజీ చూసుకుంటూ పావు తిప్పు, పావు తిప్పు బిగించాలి. నేనెప్పుడూ వదులు చేసే అప్పగిస్తాను. ఆ బుధవారం కాఫీకి ఆలస్యమవుతోందని అతను ముందే అంచనాగా బిగించేసి, ఆవిరి కుళాయి మీద చెయ్యి వేశాడు.

"ముందు స్క్రూ వదులు చెయ్యి తోర్కిల్," అన్నాను తడి చేతులతోనే.

"నువ్వు నీ గిన్నెలు చూసుకో," అన్నాడు. పక్కన ఇద్దరు నవ్వారు.

కుళాయి ఒక్కసారిగా తిప్పేశాడు. పైపులో దబ్బుమని చప్పుడు. వాల్వ్‌లో పొర చిరిగింది, ట్యాంకు సీలు పోయింది, రక్షణ వాల్వ్ కీచుమని అరిచింది. తోడు లేక ఆ రోజు వచ్చిన పాలన్నీ వేరే ఫ్యాక్టరీకి పంపాల్సి వచ్చింది.

"నీకేం పోతుంది చెప్పు?" అన్నాడిప్పుడు తోర్కిల్, కుర్చీలో జారగిలబడి. "గిన్నెలు కడిగేవాళ్లని ఎవరూ తీసెయ్యరు. నాకైతే రాబోయే ఫోర్‌మన్ పోస్టు పోతుంది. పొర సరిగ్గా కూర్చోలేదని ఆఫీసులో ప్రెబెన్‌కి చెప్పేశాను. ఫారం మీద నువ్వు సంతకం పెడితే అయిపోతుంది."

"మరి నా ట్రైనింగ్?"

ఆగస్టులో మొదలయ్యే టెక్నీషియన్ శిక్షణకి మా ఫ్యాక్టరీకి ఒక్క సీటు వచ్చింది. నేను పేరు ఇచ్చాను. రికార్డులో తప్పు రాసి ఉన్నవాళ్లని ఏడాది దాకా పంపరు. వచ్చే ఏడాది సీటు వస్తుందో రాదో ఎవరికి తెలుసు?

"నలభై తొమ్మిదేళ్లకి బళ్లో కూర్చుంటావా? చాల్లే సంబడం!" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. నేను కారు నేర్చుకుంటానన్నప్పుడూ అలాగే నవ్వాడు. పెళ్లైన కొత్తలో మా అత్తగారు గూడ్రున్ నా చేతిలో గరిట పెడుతూ, "మగాడి తప్పు గడప దాటకుండా చూసేదే ఇల్లాలమ్మాయ్," అంది. ఎన్ని దాటకుండా చూశానో! అతను మర్చిపోయిన పుట్టినరోజులకి నేను క్షమాపణ చెప్పాను, అతను తాగి మాటలు తూలిన పెళ్లిళ్లలో నేను తల దించుకున్నాను. అయినా అవన్నీ మాటలే కదా అని సరిపెట్టుకున్నాను. ఇది నా చేతి పని. ఆరేళ్లుగా ఒక్క బుధవారం తప్పకుండా, ఒక్క రింగు వంకర పోకుండా చేసిన పని. ఇది తప్ప నాదని చెప్పుకోవడానికి ఇంకేముంది నాకు? ఒళ్లు మండిపోయింది. డబ్బా మళ్లీ పైన పెట్టేశాను.

"చెయ్యను."

"ఏంటి, ఓపిక లేదా? సరేలే, బేకరీలో కొంటాను," అన్నాడు. అతనికి అర్థమైంది అంతే.

మర్నాడు కాఫీ బల్ల మీద బేకరీ కేకు, దాని మీద చిన్న కాగితపు జెండా, జెండా మీద నా పేరు. ప్యాకింగ్‌లో పనిచేసే క్నూద్ నోటి నిండా కుక్కుకుంటూ, "ఏం మెరెటె, ఇన్నాళ్లకి నీ వంతొచ్చిందే! కానీ నీ చేతి రుచి లేదమ్మా ఇందులో," అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. తోర్కిల్ కూడా. ఉరుము ఉరిమి మంగళం మీద పడితే, పక్కన నిలబడి నవ్వడం కూడానా!

"నా చెయ్యి పడితే కదా రుచి ఉండేది. అది నా కేకు కాదు," అన్నాను. నేను నేరుగా ప్రెబెన్ గదిలోకి వెళ్లాను. తోర్కిల్ కాఫీ కప్పుతోనే వెనక పరిగెత్తుకొచ్చాడు.

మేనేజరైనా ప్రెబెన్‌ని మేమంతా పేరు పెట్టే పిలుస్తాం. "ఇక్కడ పెద్దా చిన్నా లేరు, మనమంతా ఒకటే," అంటుంటాడు. ఫారం నా ముందుకి తోశాడు. కారణం అన్నచోట ముందే టైపు చేసి ఉంది: శుభ్రత సహాయకురాలు పొరను సరిగా అమర్చలేదు.

"పెద్ద విషయం కాదు, అందరికీ జరుగుతుంది," అన్నాడు మెత్తగా.

జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి, నిన్న వాల్వ్ విప్పినప్పుడు దాచిన చిరిగిన పొరని అతని బల్ల మీద పెట్టాను.

"అమర్చడం తప్పైతే అంచున నలగాలి. చూడు, అంచు చుట్టూ బిగింపు గుర్తు ఎంత గుండ్రంగా ఉందో. చిరిగింది నడిమధ్యన. బిగించిన స్క్రూ మీద ఆవిరి ఒక్కసారి వదిలితే ఇక్కడే చిరుగుతుంది."

ప్రెబెన్ కళ్లజోడు పెట్టుకుని పొరని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత తోర్కిల్ వైపు చూశాడు.

"మెరెటె, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అన్నాడు తోర్కిల్. అతని గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. జాలి వేసింది, అబద్ధమెందుకు. అయినా కలం తీసుకుని టైపు చేసిన వాక్యం కొట్టేశాను. దాని కింద జరిగింది జరిగినట్టు రాశాను. తోర్కిల్ పేరు రాశాను.

"ఇంకోసారి ఆలోచించుకో," అన్నాడు ప్రెబెన్ నెమ్మదిగా. "ఎంత కాదన్నా నీ మొగుడు. సాయంత్రం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి కదా."

"స్క్రూ ఎవరు తిప్పారని అడిగే గడి ఉంది ప్రెబెన్ ఇందులో," అన్నాను సంతకం పెడుతూ. "నేనెవరి పెళ్లాన్నని అడిగే గడి లేదు."