కొలతల పుస్తకంలో కారు

దర్జీకి అరవై ఏళ్లు. పందొమ్మిదో ఏట ఓ పత్రికలోంచి కత్తిరించుకున్న బొమ్మ ఇప్పటికీ అతని కత్తెరల డబ్బాలో ఉంది. అది పాతకాలపు రేసు కారు. పొడుగు ముక్కు, పైకప్పు లేదు, ఒళ్లంతా చేపలా నున్నన. అలాంటిది ఇంట్లోనే కట్టాలని అతను నలభై ఏళ్లుగా అనుకుంటున్నాడు. ఉత్తినే అనుకుంటే ఎవరికీ అడ్డం కాదు గనక ఎవరూ కాదనలేదు.

బావమరిది రేకుల మేస్త్రి. నీళ్లతొట్లు, పొగగొట్టాలు చేసేవాడు. అతను దుకాణం మూసేసి ఖాళీగా కూర్చున్న వారమే ఇద్దరికీ పిచ్చి ముదిరింది. పాత వ్యాను చట్రం, ఇంజను ఎక్కడున్నాయో మేస్త్రి చూసి వచ్చాడు. ఇక కావలసింది చోటు. చోటంటే ఇంటి వెనక షెడ్డు ఒక్కటే.

ఆ షెడ్డు మీద దర్జీ భార్యకూ కన్నుంది. అక్కడ కుట్టు నేర్పే క్లాసు పెట్టాలని ఆమె పట్టు.

"ఆదివారం దాకా ఆగుతాను," అంది. "అట్టతోనైనా సరే, మీ కారు అసలు సైజులో చేసి చూపించండి. నేను అందులో పట్టానా, షెడ్డు మీది. పట్టకపోతే సోమవారం నా మిషన్లు లోపలికొస్తాయి. ఆ తర్వాత కారు మాట ఈ ఇంట్లో వినపడకూడదు."

ఆమె మనిషి భారీ. మాట అంతకన్నా భారీ. ముప్పై ఐదేళ్లలో ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు.

ఆ సాయంత్రమే దర్జీ బొమ్మను గోడకు అంటించి, నాలుగడుగులు వెనక్కి జరిగి, ఒక కన్ను మూశాడు.

"బావా, చక్రం సైజు ఇంతని పెట్టుకుని, బొమ్మను బట్టి మిగతావి లెక్క కడదామా?" అన్నాడు మేస్త్రి.

"గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి నడుము కొలత చెప్పేవాణ్ణిరా నేను. నాకు లెక్కలేంటి? రాస్కో."

మేస్త్రి కొలతల పుస్తకం తీశాడు. పేరు అన్నచోట 'కారు' అని రాశాడు.

"పొడవు నూట యాభై ఆరు అంగుళాలు. ఛాతీ, అంటే ముందు చక్రాల దగ్గర వెడల్పు, ముప్పై. సీటు దగ్గర ఇరవై రెండు. మూతి దగ్గర పదకొండు."

"లూజు ఎంత వదలమంటావు?"

"రేసు కారుకి లూజేంట్రా! ఒంటికి పట్టినట్టుండాలి."

"ట్రయల్ ఎప్పుడని రాయను?"

"ఆదివారం. కస్టమర్ మీ అక్క."

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. దర్జీ దుకాణంగా వాడే ముందుగదిలో బట్టల కోసం వచ్చిన బ్యాంకు గుమాస్తా కాసేపు చూసి, తర్వాత వస్తానని వెళ్లిపోయాడు.

"ఐదు రోజులు షెడ్డు వైపు రాకు బావా. ఒకేసారి చూద్దువుగాని," అన్నాడు మేస్త్రి. దర్జీ వెళ్లలేదు. ఆ ఐదు రోజుల్లో రెండు చొక్కాలకు చేతులు తారుమారుగా కుట్టాడు.

ఆదివారం ముగ్గురూ షెడ్డులోకి వెళ్లారు. అట్టలు, బద్దలు, జిగురుతో చేసిన కారు. ఎర్రరంగు కూడా కొట్టాడు మేస్త్రి. పదమూడడుగుల పొడవు. దర్జీ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎక్కడో ఏదో తేడా కొట్టింది గానీ, ఆ ఆనందంలో పట్టించుకోలేదు.

"ఇది కారా, పడవా?" అంది ఆమె.

"గాలిని కొయ్యాలి కదక్కా. అందుకే సన్నగా ఉంది."

"నన్ను కూడా కోసేట్టుంది."

చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని ఒక కాలు పెట్టింది. రెండోది పెట్టింది. కూర్చోబోయింది. సగం దిగి ఆగిపోయింది. పైకి రాలేదు, కిందికి పోలేదు. దర్జీకి సోమవారం కళ్లముందు కనపడింది.

"లాగండి!"

మేస్త్రి చేతులు పట్టి లాగాడు. దర్జీ వెనకనుంచి తోశాడు. అట్టకారు మొత్తం లేచి, ఆమె నడుముకు తగులుకుని, వాళ్లతోపాటు గిర్రున తిరిగింది. ఆమెకు నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. ఆ కుదుపుకు కారు మూతి నుంచి తోక దాకా నిట్టనిలువునా చిరిగి రెండు ముక్కలై అటొకటి ఇటొకటి పడింది.

నవ్వు ఆపుకుంటూ ఆమె నేలమీది ముక్కల్ని చూసింది. కొలతల పుస్తకం తెప్పించింది.

"ఏమండీ, మడత మీద కొలతలు చెప్పారా?"

బట్టను మడతేసి సగం గీసి కత్తిరించడం దర్జీకి నలభై ఏళ్ల అలవాటు. విప్పితే రెట్టింపవుతుంది. కారుక్కూడా సగమే చెప్పాడు.

"రేకును మడిచి కత్తిరిస్తారా ఎవరైనా?" మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. "ముందే చెప్పొద్దా బావా!"

"నువ్వు అడగొద్దా? మనిషి పట్టని కారు కడుతున్నానని అనుమానం రాలేదా?"

"మీరిద్దరూ నోరు ముయ్యండి." ఆమె సుద్దముక్క తీసుకుని నేలమీద సీటు కొలతకు రెట్టింపు, నలభై నాలుగు అంగుళాల వెడల్పు కొలిచి గీసింది. ముక్కల్ని చెరోవైపు గీతలకు జరిపించి మధ్యలో కూర్చుంది. కూర్చున్నాక కూడా పక్కన చోటు మిగిలింది. "రెండు సీట్లా?"

"రెండే. ఒకటి నీదే అనుకున్నాను మొదట్నించీ," అన్నాడు దర్జీ.

"అబద్ధాలు ఆపండి. మొదట్లో నేనెక్కడున్నాను?" పక్కన మిగిలిన చోటును చేత్తో తట్టింది. "పట్టాను. షెడ్డు మీది. నా క్లాసు మాత్రం రేపే మొదలు. మీ ముందుగదిలో. మీ కటింగ్ బల్ల వసారాలో వేసుకోండి. ఎండైనా వానైనా అక్కడే."

మాట పూర్తికాకముందే దర్జీ ముందుగదికి పరుగెత్తాడు. అరగంటలో బావా బావమరిదీ బల్లను చెరోవైపు పట్టుకుని వసారాలోకి మోస్తున్నారు. మలుపు దగ్గర దర్జీ నోటితో గేరు మార్చాడు. మేస్త్రి హారను కొట్టాడు.