రైమో పేరు రోజు

రైమో గళ్ళ గుడ్డ కప్పిన బన్నుల పళ్ళేన్ని కాఫీగదిలో పెట్టి, తన గదికి వచ్చి కంప్యూటర్ తెరిచాడు. ఆ దేశపు క్యాలెండరులో ఒక్కో తేదీకి ఒక్కో పేరు ఉంటుంది, అది ఆ పేరున్నవాళ్ళ 'పేరు రోజు'. తెర మూలన చిన్న నీలం గడిలో ఆ రోజు ఎవరి పేరు రోజో కనిపిస్తుంది. ఆ పేరున్నవాళ్ళు ఆఫీసుకంతటికీ ఏలకుల బన్నులు తేవాలి. ఈ రోజు గడిలో 'రైమో' అని ఉంది.

పురపాలక ఆఫీసు కంప్యూటర్లను అతనే ఇరవై ఆరేళ్ళుగా చూసుకుంటున్నాడు. బల్లల కింద దూరి దూరి నడుము ఒక పక్కకి ఒరిగింది.

బాగుచేసే పరికరాలు తీసుకుని మళ్ళీ కాఫీగది మీదుగా వెళుతుంటే, రిజిస్టర్ల విభాగంలో పనిచేసే తైమి అక్కడ ఒంటరిగా కూర్చుని ఉంది. ఆమె పాస్‌వర్డుతో ఎవరో ఊరివాళ్ళ వివరాలన్నీ తోడుకుపోయారు. ఎలా జరిగిందో సాయంత్రానికి తేలకపోతే ఆమె ఉద్యోగం పోతుందని అధికారి ఉల్లా చెప్పేసింది.

"నేనెవరికీ చెప్పలేదు రైమో. మా పిల్లికి కూడా చెప్పలేదు."

"పిల్లికి చెప్పినా పర్లేదులే. దానికి టైపు రాదు."

తైమి నవ్వలేదు. బన్ను కూడా తీసుకోలేదు.

రైమో వెళ్ళి ఆమె కంప్యూటర్ తెరిచి చూస్తే, అందులో ఏదో దాక్కుని, నొక్కిన ప్రతి అక్షరాన్నీ రాసుకుని గంటకోసారి బయటికి పంపుతోంది. రైమో తన కంప్యూటర్ చూశాడు, అదీ అంతే. ఎక్కడినుంచి వెళుతోందా అని వెతికితే నీలం గడి దగ్గర తేలింది. కళ్ళజోడు తుడుచుకుని మొదటినుంచి ఇంకో రెండుసార్లు చూశాడు. మూడుసార్లూ అక్కడికే వచ్చింది.

ఆ గడిని పదకొండేళ్ళ కిందట స్నేహితుడు ఓస్మో సరదాకి రాసిచ్చాడు. అన్ని కంప్యూటర్లలోనూ పెట్టింది రైమోనే. చేపలు పట్టడానికి కలిసి వెళ్ళిన ఓస్మో దొంగా? ఏమీ అర్థంకాక అతని ఇంటికి ఫోను చేశాడు. భార్య హిల్కా ఎత్తింది.

"ఓస్మో నిరుడు చలికాలంలో పోయాడు రైమో. నీకు ఉత్తరం వేశాననుకున్నానే."

రైమో కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అతను రాసిన ఆ పేర్ల గడి సంగతి ఏమైనా తెలుసా హిల్కా?"

"అతని ఇంటర్నెట్ చిరునామాకి గడువు అయిపోయిందని ఏవో కాగితాలొచ్చాయి. నాకేం తెలుస్తుంది? పొయ్యిలో వేశాను."

డబ్బు కట్టక వదిలేసిన చిరునామాను ఎవరో కొనుక్కున్నారు. ప్రతి ఉదయం పేరు తేవడానికి అక్కడికి వెళ్ళే గడి, ఒక ఉదయం దొంగను వెంటబెట్టుకు వచ్చింది. చప్పుడు చేయకుండా గడిని తుడిచేస్తే ఎవరికీ తెలియదు. కానీ తైమి?

అన్ని కంప్యూటర్లలోంచీ గడిని తీసేసి, ఉల్లా గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు.

"ఆ గడి పెట్టడానికి అనుమతి తీసుకున్నావా, అప్పుడు?"

"లేదు. పేర్లే కదా అనుకున్నాను."

ఉల్లా కాగితాలు జరిపి బల్లమీద కాస్త చోటు చేసింది. "తాళాలు ఇక్కడ పెట్టి వెళ్ళు రైమో. తైమిని రమ్మను."

తైమిని పిలిచి, కోటు తొడుక్కుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బన్నులు ఎవరివో చెప్పే గడి ఇప్పుడు ఏ తెరమీదా లేదు. కాఫీగదిలో పళ్ళెం మీద గళ్ళ గుడ్డ కప్పింది కప్పినట్టే ఉంది.