నోట పట్టిన దారం

దారం ఒక కొనను పళ్ళ మధ్య బిగించి, రెండో కొనను గాజుకడ్డీలోని సన్నని రంధ్రంలోంచి లాగుతున్నాడు చిన్నపోలయ్య. మాస్కు గడ్డం కింద ఉంది. లాగినప్పుడల్లా పిండిలాంటి గాజుపొడి లేచి అతని మీసాల మీద వాలుతోంది.

మనుబోలు దగ్గర హైవే పక్కనున్న ఆ షెడ్డులో ఒక యంత్రం గాజుపొడిని పొర మీద పొర పేర్చి కడ్డీలు అచ్చువేస్తుంది. వాటిని కొలిమిలో కాల్చి, వెంట్రుకంత సన్నని తీగలుగా సాగదీస్తారు. ఇనుమును కోసే లేజర్లలోకి పోతాయవి. కాల్చకముందు రంధ్రాల్లో మిగిలిన పొడి తీయడం పోలయ్య పని. దారంతో తీసే పద్ధతి అతనిదే. వలలు బాగుచేసే ఇంట్లో పుట్టినవాడు దారం చేతికొస్తే నోట పట్టకుండా ఉండలేడు.

"మాస్కు, పోలయ్యా," అన్నాడు ఇంజనీరు హరినాథ్ అటుగా పోతూ.

"పెట్టుకుంటా సార్."

పెట్టుకున్నాడు. ఆయన తలుపు దాటగానే దించాడు. ఆ సంగతి హరినాథ్‌కూ తెలుసు. పోలయ్య చేతిలో కడ్డీలు విరగవు, అందుకే ఆయనా వెనక్కి తిరిగి చూడడు.

దగ్గు తెర వచ్చింది. బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పొద్దున అన్నం కడుతూ భార్య మాలకొండమ్మ గట్టిగానే అడిగింది.

"ఈ పొద్దు కంపెనీ డాక్టరొస్తాడంటివే. దగ్గు సంగతి చెప్తావా, లేదా?"

"చెప్తే ఇంటికి పంపిస్తారు మే. మళ్ళా పడవెక్కమంటావా నన్ను?"

ఆమె అన్నం గిన్నె మూత బిగించి అతని చేతికిచ్చింది. పడవ తిరగబడి తమ్ముడు కళ్ళముందే మునిగిపోయినప్పటినుంచి పోలయ్య మోకాలిలోతు నీళ్ళలోకైనా దిగలేదు. సముద్రమంటే వణుకు. నేలమీద అతని చేతులకు తెలిసిన పని ఇదొక్కటే దొరికింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మధ్యాహ్నం డాక్టరు అతని రొమ్ము మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి ఈ దగ్గు?"

"చుట్ట దగ్గు సార్. మానేస్తాలే," అని నవ్వాడు పోలయ్య. పుట్టి బుద్ధెరిగి చుట్ట ముట్టినవాడు కాదు.

ఎక్సరే తీయించుకోమన్నాడు డాక్టరు. పోలయ్య తలూపి, ప్రాణం కుదుటపడినట్టు మళ్ళీ బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఈ పూటకి గండం గడిచిందనుకున్నాడు.

సాయంత్రం అందరూ బయల్దేరారు. పోలయ్య బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని హరినాథ్ భుజం తట్టాడు. చేయి పక్కకు జారింది.

కర్మలయ్యాక కంపెనీవాళ్ళు అతని చొక్కా పంపించారు. మాలకొండమ్మ దాన్ని మొహానికి అదుముకుని గట్టిగా పీల్చింది. మనిషి చెమట వాసన ఇంకా ఉంది. ఉతకడానికి మనసొప్పలేదు. మడతల్లోని తెల్లపొడితో సహా ఆ చొక్కాను తన తలగడకు తొడిగింది.