ఓబుళమ్మ పేరున్న చక్రం

నేను ఒక కందిపప్పు డబ్బాని. ఇంతవరకూ ఒక్క పప్పు గింజనైనా మోయని కందిపప్పు డబ్బాని. అందుకు నాకేమీ చింత లేదు. నేను తిరిగిన చోట్లు ఇంకే డబ్బా అయినా తిరిగి ఉంటే, అప్పుడు మాట్లాడుకుందాం.

పుట్టడం మాత్రం అన్ని డబ్బాల్లాగే పుట్టాను. ఒక స్టీలు రేకు, దాన్ని గుండ్రంగా నొక్కిన మెషీను, ఆ తర్వాత బళ్లారిలో ఒక పాత్రల కొట్టు. అక్కడ నన్ను కొన్నది కళ్యాణదుర్గం ఓబుళమ్మ. చెల్లెలి కొడుకు తిప్పేస్వామి పెళ్లికి కానుకగా కొన్నది. పేరు చెక్కే ఆయన నన్ను బోర్లించి అడుగున సూది ఆనించబోతే ఆపింది.

"అడుగున చెక్కితే ఎవరు చూస్తారప్పా? పొట్ట మీద చెక్కు. పెద్దగా చెక్కు. వంటింట్లోకి వచ్చినోళ్లందరికీ కనపడాల."

నాకు చక్కిలిగింతలు పుట్టేలా చెక్కాడాయన. 'శ్రీమతి ఓబుళమ్మ, కళ్యాణదుర్గం.'

ఆ గర్వం పెళ్లిపందిరి దాకానే నిలిచింది. అచ్చం నాలాంటి డబ్బాలు ఇంకో మూడు వచ్చాయి. అదే కొట్టు, అదే సైజు, పేర్లు మాత్రం అడుగున. ఏమివ్వాలా అని మనుషులు తెగ ఆలోచిస్తారు, ఆలోచించి ఆలోచించి అందరూ ఒకటే ఇస్తారు.

కొత్త జంట రాయదుర్గంలో కాపురం పెట్టింది. తిప్పేస్వామికి జీన్సు ప్యాంట్లు కుట్టే చిన్న యూనిట్ ఉంది. వేదవతి ఊళ్లోని డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. పెద్దల ముందు మొగుణ్ణి 'మీరు' అంటుంది, వాళ్లు వీధి మలుపు తిరగ్గానే 'నువ్వు' అంటుంది. ఆ మార్పు విన్న ప్రతిసారీ అతని ముఖం వెలిగిపోవడం వంటింటి అలమారలోంచి నేను చూసేవాణ్ణి.

పెళ్లయ్యాక మొదటి ఆదివారం ఎక్కడికి పోదామని అతనడిగితే, బొమ్మనహాళ్ దగ్గర హగరి నది ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బలకు పోదామంది. పోయొచ్చి, గుమ్మంలో నిలబడి చీర దులుపుకుంటుంటే అతను నవ్వాడు.

"కొత్త పెళ్లాన్ని ఇసుక చూడ్డానికి తీసకపోయింది నేనొక్కణ్నే అయ్యుంటా."

"ఇసుక అంటావేంది? నేను నీకు అంగారకుణ్ణి చూపిస్తే."

ఆమె అన్నది ఉత్త మాట కాదు. అంగారకుడి మీద కూడా గాలి ఇలాగే దిబ్బలు పేరుస్తుంది. గాలి ఎదురొచ్చే వైపు వాలు మెల్లగా, కాస్త గట్టిగా ఉంటుంది. అవతలి వైపు నిటారుగా, వదులుగా ఉంటుంది. అంత దూరం పోయి తెలుసుకోలేని వాళ్లు ఇలాంటి ఎడారుల్లో బండ్లు నడిపి చూసుకుంటారు. మన ఇంటి పక్కనే ఇంత ఎడారి పెట్టుకుని పిల్లలకు బోర్డు మీద చాక్‌పీసుతో దిబ్బ గీయడమేమిటని వేదవతి బాధ. పిల్లలతో ఒక అంతరిక్ష క్లబ్బు పెట్టి, అంగారకుడి మీద తిరిగేలాంటి చిన్న బండి చేయించాలనుకుంది. దిబ్బల దగ్గరికి ఏటా తీసుకెళ్లడానికి బస్సు అడిగింది.

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇసుకలో ఆడుకోడానికి కాలేజీ బస్సెందుకమ్మా? ఒక్కసారి ఇస్తా. మీ బండి దిబ్బ ఎక్కితే ఏటా ఇస్తా. ఎక్కకపోతే ఇంక క్లబ్బు మాట ఎత్తొద్దు."

పిల్లలు పాత వ్యాన్ల వైపర్ మోటార్లు తెచ్చారు, బ్యాటరీ తెచ్చారు. చక్రాలే దొరకలేదు. ఆ సాయంత్రం వేదవతి అలమార ముందు నిలబడి మా నలుగురి వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. నాకు మధ్యలో బెజ్జం పడింది. నేను వెనక ఎడమ చక్రాన్ని అయ్యాను.

బస్సు రోజుకు ముందు, కాలేజీ వెనక ఇసుక కుప్ప మీద చేసిన మొదటి ప్రయత్నంలోనే పరువు పోయింది. నున్నటి స్టీలు ఇసుకలో పట్టు దొరక్క గిరగిర తిరిగింది, ఇరుసు దాకా కూరుకుపోయాం. ఒక మోటారు కాలిన వాసన కూడా వచ్చింది. ఇంటికొచ్చి వేదవతి అన్నం సరిగా తినలేదు. తిప్పేస్వామి యూనిట్ నుంచి జీన్సు ప్యాంట్ల మందపాటి అంచులు కత్తిరించి తెచ్చి, వరసగా మా ఒంటి మీద అడ్డంగా అతికించసాగాడు. నా వంతు వచ్చేసరికి ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"పేరు మీద వద్దు. పెద్దత్త వచ్చే వారం వస్తానంది."

"డబ్బాను చక్రం చేసినందుకు ఏమనదా? పేరు మూస్తేనే అంటుందా?"

"చక్రం చేసింది ఒక తప్పు, పేరు మూసేది ఇంకో తప్పు. ఒకటన్నా తగ్గించుకుందాం."

అలా నా ఒంటి మీద పేరున్నంత మేర ఖాళీ మిగిలింది.

బస్సు వచ్చిన రోజు దిబ్బల పక్కన చిన్న గుడారం వేశారు. గుడారంలో ఉన్నవాళ్లు బయటికి చూడకూడదు. అంగారకుడి మీది బండిని ఎవరూ కిటికీలోంచి చూడలేరు కదా. బండి మీద కట్టిన ఫోను వెనక్కి తిరిగి, మేము వదిలిన జాడల్ని చూపిస్తుంది. ఆ బొమ్మను చూస్తూ షంషాద్ అనే రెండో ఏడాది పిల్ల రిమోట్ నొక్కాలి. ఫోన్లో గుడారం మాటలన్నీ నాకు వినపడుతున్నాయి.

బయల్దేరామో లేదో, గుడారంలో ఇంకో గొంతు వినిపించింది.

"ఇంటికి పోతే అలమార ఖాళీగా ఉండాది. వీణ్ని అడిగితే నోరిప్పకుండా బండెక్కించుకొని ఇక్కడ దించినాడు. నా డబ్బా యాడుందమ్మా వేదా?"

ప్రిన్సిపాల్ గారు కూడా అక్కడే ఉన్నారు.

"పెద్దత్తా," అంది వేదవతి, గొంతు సన్నగా, "అది దిబ్బ ఎక్కుతోంది."

నిజానికి ఎక్కడం లేదు. సగం వాలు దాటాక కింద ఇసుక జారుతోంది. తిరుగుతున్నాను కానీ కదలడం లేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు. ఫోన్లో చూస్తే అంతా ఒకేలా ఉన్న ఇసుక.

"మేడం," అంది షంషాద్, "జాడలో మధ్య మధ్య నున్నటి మచ్చలు పడతాండాయి చూడండి. మొదట్లో దూరం దూరంగా పడినాయి. ఇప్పుడు దగ్గర దగ్గరగా వస్తాండాయి."

"అది పేరున్న చోటు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక మచ్చ," అని వేదవతి ఆగిపోయింది. "మచ్చలు దగ్గరికి వచ్చాయంటే..."

"చక్రం తిరుగుతాంది, బండి పోవట్లేదు."

"ఆపు. వెనక్కి తియ్యి. నేరుగా వద్దు. గాలి వచ్చే వైపుకు తిప్పి, ఏటవాలుగా పోనీ."

వెనక్కి వచ్చాం. పక్కకు తిరిగాం. ఇసుక కాస్త గట్టిగా తగిలింది. గుడారంలో అందరూ మచ్చల మధ్య ఎడం చూస్తున్నారు. దూరం, దూరం, మళ్లీ దూరం. అప్పుడు నాకు నాలుగు వైపులా ఆకాశం కనిపించింది. దిబ్బ కొన మీద ఉన్నాం.

అందరూ పరుగెత్తుకుంటూ వచ్చారు. ప్రిన్సిపాల్ గారు అందరికంటే వెనక వచ్చి, ఆయాసం తీరాక, "ఒకసారి నేను నొక్కొచ్చా అమ్మా?" అని షంషాద్‌ను అడిగారు. బస్సు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదని అందరికీ తెలిసింది.

ఓబుళమ్మ మాత్రం వంగి జాడను చూసింది. "ఈ ఖాళీ ఏంది?"

"అది మీ పేరే పెద్దత్తా. అంగారకుడి మీద తిరిగిన ఒక బండి చక్రాలకు ఇట్లాంటి గుర్తు కావాలనే పెట్టినారంట. మేము మీకు భయపడి పెట్టినాం."

ఆమె నన్ను చేత్తో తడిమి చూసింది. "పేరు అరిగిపోతాంది. శ్రీమతి అప్పుడే పోయింది," అంది. తర్వాత చుట్టూ ఉన్న దిబ్బలన్నీ ఒకసారి కలయజూసి, "ఆ మిగిలిన మూడు డబ్బాలు ఎవరిచ్చినారు?" అని అడిగింది. ఎవరిచ్చారో విని, వాళ్ల గుర్తు జాడలో ఎక్కడా లేదని చూసుకుని, ఎంతో తృప్తిగా తలాడించింది.

మరుసటి నెల ఇంకో డబ్బా తెచ్చింది. "ఇది పప్పుకు. మళ్లీ బండి చేసేటట్టుంటే ముందే చెప్పండి, లోతుగా చెక్కిస్తా." ఆ డబ్బా ఇప్పుడు అలమారలో నిండుగా కందిపప్పుతో ఉందట. సుఖంగానే ఉంటుంది పాపం, హగరి గాలి తగల్లేదంతే.

నేను కాలేజీ ల్యాబులో బల్ల మీద ఉన్నాను. నా తర్వాత వచ్చిన చక్రాలు నాకంటే గట్టివి. ఏటా బస్సు పోతుంది. నా పొట్ట మీద అక్షరాలు ఒక్కటీ మిగల్లేదు, నున్నగా మెరుస్తున్న ఖాళీయే ఉంది. అయినా కొత్త పిల్లలు వచ్చినప్పుడల్లా వేదవతి నన్ను చేతిలోకి తీసుకుంటుంది. ఆ ఖాళీ మీద వేలు ఆనించి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు చదివి వినిపిస్తుంది. "శ్రీమతి ఓబుళమ్మ, కళ్యాణదుర్గం."